ఆవిరి బావిలో అబద్ధమాడే ఉష్ణమాపకం: తుప్పు తెగులును గుర్తించే తీరు

భూమి పొరల్లో వేడి దాగి ఉందన్న సంగతి సరిహద్దు జిల్లాల ప్రజలకు కొత్త కాదు. ఒడిశాలో బరంపురానికి చేరువగా ఉన్న తప్తపాణి బుగ్గను, మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలో ఉన్న ఉనకేశ్వర్ బుగ్గను ఈ ప్రాంతాల తెలుగువారు తరతరాలుగా చూస్తున్నారు. ఇటువంటి గంధకపు బుగ్గల దగ్గర నిలబడితే కుళ్లిన కోడిగుడ్డును పోలిన వాసన వస్తుంది. చర్మవ్యాధులకు మంచిదని ఆ నీటిలో స్నానం చేసేవారు ఆ వాసనను భరిస్తారు. కానీ ఆ వాసనకు మూలమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువే, భూగర్భంలోని వేడితో విద్యుత్తును తయారుచేసే చోట్ల యంత్రాలకు, తీగలకు, ఒక్కొక్కప్పుడు మనుషుల ప్రాణాలకు శత్రువుగా మారుతోంది. ఆ శత్రువు చేతిలో తరచుగా దెబ్బతినే పరికరాల్లో ఒకటి, వేలెడు మందం కూడా లేని ఉష్ణమాపక కడ్డీ.

సరిహద్దు గ్రామాలలో ఐటిఐ పూర్తి చేసి ఉక్కు, సిమెంటు, చక్కెర, థర్మల్ విద్యుత్ కర్మాగారాలలో పనికి చేరే యువకులు అనేకులు. వారి చేతికి మొదట వచ్చే పరికరాలలో ఈ కడ్డీ ఉంటుంది. కనుక ఆవిరి బావుల కథ దూరదేశపు కథలా కనిపించినా, అందులోని పాఠం వారికి సమీపమైనదే.

ఆవిరి బావులు అంటే ఏమిటి?

భూమిలోకి వేలాది అడుగుల లోతున రంధ్రం వేసి, అక్కడ సహజంగా వేడెక్కిన నీటిని, ఆవిరిని పైకి రప్పించి, ఆ ఒత్తిడితో టర్బైన్లను తిప్పే బావులనే ఆవిరి బావులంటారు. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో లార్డెరెల్లో అనే చోట 1904 జూలై 4న పియెరో జినోరి కోంటి అనే రాకుమారుడు భూగర్భ ఆవిరితో ఐదు విద్యుద్దీపాలను వెలిగించి చూపాడు. అక్కడే 1913లో 250 కిలోవాట్ల కేంద్రం పనిచేయడం మొదలైంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ది గీజర్స్ అనే క్షేత్రం 1960లో 11 మెగావాట్లతో ఆరంభమై, తరువాతి కాలంలో ప్రపంచంలోనే అతి పెద్ద భూతాప విద్యుత్ క్షేత్రంగా ఎదిగింది. ఐస్‌లాండ్, న్యూజిలాండ్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, కెన్యా దేశాలు కూడా ఈ మార్గంలో చాలా దూరం నడిచాయి.

భారతదేశంలో లద్దాఖ్‌లోని పూగా లోయలో భూతాప విద్యుత్తు కోసం 2021 ఫిబ్రవరిలో ఒఎన్‌జిసి ఎనర్జీ సెంటర్‌తో ఒప్పందం కుదిరింది. తెలంగాణలోని మణుగూరు ప్రాంతంలో, పగిడేరు వద్ద బోరు నుండి ఉబికే వేడినీటిని ఉపయోగించుకొని సింగరేణి సంస్థ పరిధిలో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రం ఏర్పాటైంది. అయితే పగిడేరులో దొరికేది ఆవిరి కాదు, వేడినీరు. ఆ వేడిని మరొక ద్రవానికి అందించి, ఆ ద్రవపు ఆవిరితో టర్బైన్‌ను తిప్పుతారు. ఈ వ్యాసంలోని ప్రధాన విషయం అంతకంటే ఎంతో వేడి గల ఆవిరి బావులకు సంబంధించినది.

కడ్డీ లోపల ఏముంది?

ఉష్ణోగ్రతను కొలిచే కడ్డీలు ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాల తీగలను ఒక చివర కలిపి, ఆ చివరను వేడిచేస్తే, రెండో చివర అతి స్వల్పమైన విద్యుత్ పీడనం పుడుతుంది. జర్మన్ శాస్త్రవేత్త థామస్ సీబెక్ 1821లో కనుగొన్న ధర్మానికి ఇది ప్రయోగరూపం. విరివిగా వాడే కె తరహా థర్మోకపుల్‌లో ఒక్కొక్క డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు మాత్రమే పుడతాయి. రెండవది పీటీ-100. ఇందులోని సన్నని ప్లాటినం తీగకు సున్నా డిగ్రీల వద్ద 100 ఓమ్‌ల నిరోధం, 100 డిగ్రీల వద్ద 138.5 ఓమ్‌ల నిరోధం ఉంటాయి. నిరోధాన్ని కొలిచి ఉష్ణోగ్రతను తెలుసుకుంటారు.

ఈ తీగలను నేరుగా ఆవిరిలో ఉంచితే కొద్దికాలానికే నశిస్తాయి. అందువల్ల వాటిని సన్నని లోహపు గొట్టంలో ఉంచి, చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని గట్టిగా కూరి, గొట్టాన్ని సాగదీసి తయారుచేస్తారు. ఆ గొట్టమే లోహపు తొడుగు. పొడి పని రెండు తీగలు ఒకదానికొకటి, తొడుగుకు తగలకుండా కాపాడటం. అది ఎండుగా ఉన్నంతకాలం విద్యుత్తును పోనివ్వదు. అయితే ఆ పొడికి తేమను లాగేసుకునే గుణం ఉంది. వర్షాకాలంలో మూత తెరచి ఉంచిన డబ్బాలోని ఉప్పు చెమర్చినట్లే, తొడుగుకు సూదిమొన అంత రంధ్రం పడినా చాలు, ఈ పొడి తడిని లోపలికి పీల్చుకుంటుంది. అక్కడినుండే కడ్డీ అబద్ధమాడటం మొదలవుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్కను గమనించాలి. మూడు మిల్లీమీటర్ల మందం గల కడ్డీకి తొడుగు గోడ మందం అందులో సుమారు పదో వంతు, అంటే 0.3 మిల్లీమీటర్లు ఉంటుంది. ఏడాదికి 0.1 మిల్లీమీటరు చొప్పున తుప్పు తింటోందనుకుంటే, 10 మిల్లీమీటర్ల మందం గల ఆవిరి గొట్టం ఎన్నో దశాబ్దాలు నిలుస్తుంది. అదే తుప్పు ఆ కడ్డీ తొడుగును మూడేళ్లలో చిల్లు చేస్తుంది. గొట్టానికి లెక్కలోకి రాని నష్టం కడ్డీకి ప్రాణాంతకం. గొట్టం బాగుంది కదా, కడ్డీకి తుప్పు ఎక్కడిదని వాదించడం ఈ కారణం చేత సరికాదు.

తుప్పు ఎక్కడినుండి వస్తుంది?

భూగర్భం నుండి వచ్చే ఆవిరి బాయిలర్‌లోని ఆవిరి వలె స్వచ్ఛమైనది కాదు. అందులో కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసి ఉంటాయి. కొన్ని క్షేత్రాలలో హైడ్రోజన్ క్లోరైడ్ కూడా ఉంటుంది. నీటితో కూడిన బావులలో ఉప్పు, సిలికా కరిగి ఉంటాయి. గీజర్స్ క్షేత్రపు వాయవ్య భాగంలోని ఆవిరిలో క్లోరైడ్ బెడద ప్రసిద్ధమైనది.

హైడ్రోజన్ క్లోరైడ్ విషయంలో ఒక విచిత్రం ఉంది. ఆవిరి పూర్తిగా పొడిగా, అధిక వేడితో ఉన్నంతసేపు అది లోహాన్ని పెద్దగా బాధించదు. ఆవిరి చల్లారి ఎక్కడైతే తొలి నీటిబొట్టు ఏర్పడుతుందో, అక్కడ ఆ వాయువు మొత్తం ఆ కొద్దిపాటి నీటిలోకి చేరి తీక్షణమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారుతుంది. కనుక తుప్పు కడ్డీ పొడవునా సమంగా ఉండదు. తొలి బొట్టు పుట్టే చోట మాత్రమే లోహం కరిగిపోయి, దానికి పైన, కింద మెరుస్తూ ఉండవచ్చు. ఆ చోటును గుర్తించగలిగితే సగం కారణం తెలిసినట్లే.

దీనికి ప్రసిద్ధమైన నిదర్శనం ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లా క్షేత్రంలో 2009లో తవ్విన ఐడిడిపి-1 బావి. సుమారు 2,100 మీటర్ల లోతున ఆ బావి ఎవరూ ఊహించని విధంగా కరిగిన శిలను తాకింది. తరువాతి పరీక్షలలో బావి తల వద్దనే సుమారు 450 డిగ్రీల వేడి, 140 బార్ల పీడనం గల ఆవిరి వెలువడింది. ఆ ఆవిరిలోని హైడ్రోజన్ క్లోరైడ్ పొడిగా ఉన్నంతవరకు సాధుజంతువు, తడిస్తే తీక్షణామ్లం. కవాటాలు చెడిపోవడంతో 2012లో ఆ బావిని మూసివేయవలసి వచ్చింది.

తెగులు రూపాలు

కడ్డీ తొడుగుపై తుప్పు కొన్ని ప్రత్యేక రూపాలలో కనిపిస్తుంది. దేని గుర్తు దానిదే.

గుంటల క్షయం: ఉపరితలమంతా బాగుండి, అక్కడక్కడ సూదితో పొడిచినట్లు గుంటలు పడతాయి. క్లోరైడ్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు ఇచ్చే సాధారణ సమాధానం ఇది. గుంట నోరు చిన్నదైనా లోపల పొట్ట పెద్దదిగా ఉండవచ్చు. చూపుకు చిన్నదని తేలికగా తీసుకోరాదు.

సందు క్షయం: కడ్డీని పట్టి ఉంచే క్లాంపుల కింద, బిగింపు నట్ల లోపల, పేరుకున్న సిలికా పొక్కుల కింద నీరు కదలకుండా నిలిచి ఉంటుంది. ఆక్సిజన్ అందని ఆ ఇరుకులో ఆమ్లత్వం పెరిగి లోహాన్ని తింటుంది. క్లాంపు ఉన్నచోటనే, క్లాంపు వెడల్పునే తుప్పు ఉంటే దీనిని అనుమానించాలి.

ప్రతిబల పగులు: ఇది అన్నిటికంటే మోసకారి. లోహం పలుచబడదు, తుప్పు పొట్టు రాలదు. కానీ వంచినచోట, వెల్డు చేసినచోట, బిగించినచోట వెంట్రుకవాసి పగుళ్లు చెట్టు కొమ్మల వలె చీలుతూ లోపలికి పోతాయి. లాగుడు బలం, క్లోరైడ్, సుమారు 60 డిగ్రీలకు మించిన వేడి, ఈ మూడూ కలిసినచోట 304, 316 రకాల స్టెయిన్‌లెస్ స్టీళ్లకు ఈ ప్రమాదం ఉంది. ఆక్సిజన్ తోడైతే ప్రమాదం మరింత పెరుగుతుంది. బావి నడుస్తున్నప్పుడు ఆక్సిజన్ దాదాపు ఉండదు. మరమ్మతు కోసం బావిని మూసి తెరచినప్పుడు గాలి చొరబడుతుంది. కనుక అనేక పగుళ్లకు బీజం పడేది పని రోజున కాదు, సెలవు రోజున.

గంధక క్షయం: హైడ్రోజన్ సల్ఫైడ్ ఇనుముపై నల్లని పొరను ఏర్పరుస్తుంది. రాగిని మరింత త్వరగా తింటుంది. బావి లోపలి కడ్డీ చెక్కుచెదరకుండా ఉన్నా, బావి తల వద్ద పెట్టెలోని రాగి తీగలు నల్లబడి, కలుపుల వద్ద నిరోధం పెరిగి కొలత చెడిపోవడం కద్దు.

అబద్ధం ఎంత పెద్దది?

తొడుగుకు చిల్లుపడి పొడి తడిస్తే ఏమవుతుందో ఒక లెక్కతో చూడవచ్చు. ఆవిరి వేడి నిజంగా 180 డిగ్రీలు అనుకుందాం. అప్పుడు పీటీ-100 నిరోధం 168.5 ఓమ్‌లు. పొడి ఎండుగా ఉన్నప్పుడు తీగల మధ్య అవాహక నిరోధం కోట్ల ఓమ్‌లలో ఉంటుంది, కొలతకు ఏ లోపమూ రాదు. తడి చేరి అది 1,00,000 ఓమ్‌లకు పడిపోతే తేడా ఒక డిగ్రీకి లోపే. ఎవరూ గమనించరు. 10,000 ఓమ్‌లకు తగ్గితే పరికరం 172 లేదా 173 డిగ్రీలు చూపుతుంది. 1,000 ఓమ్‌లకు తగ్గితే చూపేది 115 డిగ్రీలు మాత్రమే. అంటే అసలు కంటే 65 డిగ్రీలు తక్కువ. ఆ కొంచెం విద్యుత్తు ప్లాటినం తీగ గుండా పోకుండా తడి పొడి గుండా అడ్డదారిన పోవడమే దీనికి కారణం.

ఈ లెక్కలో రెండు పాఠాలు ఉన్నాయి. మొదటిది, పీటీ-100లో తడి చేరితే కొలత ఎప్పుడూ తక్కువ వైపుకే జారుతుంది. రెండవది, మొదట చాలాకాలం తేడా తెలియకుండా ఉండి, ఆపైన వేగంగా పెరుగుతుంది. థర్మోకపుల్ విషయం వేరు. అందులో అవాహకం చెడినచోటనే కొత్త కలయిక ఏర్పడినట్లయి, చివరి వేడికి బదులు ఆ మధ్యచోటి వేడిని చూపే దిశగా కొలత జారుతుంది. పైగా ఆమ్లపు తడిలో రెండు వేర్వేరు లోహాలు ఉండటంవల్ల చిన్న బ్యాటరీ వంటిది ఏర్పడి, డిగ్రీకి 41 మైక్రోవోల్టులే ఉన్న సంకేతాన్ని అతలాకుతలం చేస్తుంది. అంకెలు పైకీ కిందకీ గంతులు వేస్తాయి.

ఉన్నదానికంటే తక్కువ వేడిని చూపే కడ్డీ ప్రమాదకరమైనది. బావి చల్లారుతోందని భ్రమించి కవాటాన్ని మరింత తెరచేవారు, చల్లగా ఉందనుకొని బిగింపు విప్పేవారు ఆ అంకెను నమ్మే ఆ పని చేస్తారు. అంకె పూర్తిగా మాయమైతే ఎవరైనా జాగ్రత్తపడతారు. నమ్మదగినట్లు కనిపించే తప్పుడు అంకె నుండే చేటు ఎక్కువ.

బావి దగ్గరే చేయదగిన పరీక్షలు

కడ్డీని బయటకు లాగకముందే చాలా సంగతులు తెలుసుకోవచ్చు.

మొదటిది పీడనంతో సరిపోల్చడం. నీటిబొట్లతో కూడిన ఆవిరికి పీడనం ఎంతో తెలిస్తే వేడి ఎంతో లెక్కకు వస్తుంది. వాతావరణ పీడనాన్ని కలుపుకొని 5 బార్ల వద్ద 152 డిగ్రీలు, 10 బార్ల వద్ద 180 డిగ్రీలు, 20 బార్ల వద్ద 212 డిగ్రీలు. ప్రెషర్ కుక్కర్‌లో పప్పు త్వరగా ఉడకడానికి కారణమైన ధర్మమే ఇది. గేజీపై 9 బార్లు కనిపిస్తే, వాతావరణపు ఒక బారును కలిపి 10గా లెక్కించాలి. ఆవిరి అంతకంటే వేడిగా ఉండవచ్చు కానీ అంతకంటే చల్లగా ఉండటం కుదరదు. అయితే కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు కలిసి ఉంటే ఆ మేరకు ఆవిరి వాటా తగ్గుతుంది. ఘనపరిమాణంలో నూటికి ఐదు వంతులు వాయువు ఉంటే 180కి బదులు 178 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. ఆ సవరణ చేసిన తరువాత కూడా కడ్డీ 165 చూపుతుంటే, గేజీ సరైనదని నిర్ధారించుకున్న మీదట, తప్పు కడ్డీదే.

రెండవది పాత నమోదులను చూడటం. కొలత ఒక్కసారిగా పడిపోయిందా, నెలల తరబడి మెల్లగా జారిందా, వర్షం కురిసిన రోజులలో మాత్రమే మారిందా? మెల్లగా జారితే తొడుగులో తడి. ఉన్నట్టుండి పోతే తీగ తెగుడు. వర్షంతో పాటు మారితే అనుమానించవలసింది బావి లోపలి కడ్డీని కాదు, పైన ఉన్న కలుపుల పెట్టెను. పెట్టె మూతలోని రబ్బరు పట్టీ పాడైతే వాన నీరు లోపలికి చేరుతుంది. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్లు, పెట్టెను చూడకుండా బావిని తెరవడం అనుభవం లేనివారు చేసే పని.

మూడవది మెగ్గర్ పరీక్ష. తీగలకు, తొడుగుకు మధ్య అవాహక నిరోధాన్ని కొలవాలి. పీటీ-100 కడ్డీ కొత్తదైతే గది వేడిలో 100 మెగాఓమ్‌లకు తగ్గరాదని అంతర్జాతీయ ప్రమాణం. కిలోఓమ్‌లలోకి దిగితే తొడుగు లోపలికి తడి చేరినట్లు. ఈ పరీక్షకు ముందు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. కొలత పరికరాన్ని తీగల నుండి వేరుచేయాలి, లేకుంటే మెగ్గర్ వోల్టేజీకి అది కాలిపోవచ్చు. పీటీ-100కు తక్కువ వోల్టేజీనే వాడాలి. కొన్ని థర్మోకపుల్‌లలో తీగల చివరను తొడుగుకే అతికిస్తారు. వాటికి ఈ పరీక్ష వర్తించదు, సున్నా వచ్చినంత మాత్రాన చెడిపోయినట్లు కాదు. మరొక సంగతి, వేడిగా ఉన్న కడ్డీకి అవాహక నిరోధం సహజంగానే తగ్గుతుంది. చల్లని కడ్డీ కొలతను వేడి కడ్డీతో పోల్చి తీర్పు చెప్పరాదు.

నాలుగవది తీగ నిరోధాన్ని కొలిచి తెగిందా లేదా చూడటం. కేబులు పొడవైనదైతే, ఒక చివర నుండి విద్యుత్ స్పందనను పంపి అది వెనుదిరిగి వచ్చే సమయాన్నిబట్టి లోపం ఎన్ని మీటర్ల దూరంలో ఉందో చెప్పే సాధనం ఉంది. బావిలో ఉన్న కేబులుకు జబ్బు ఏ లోతున ఉందో ఇది తెలుపుతుంది.

ముందు ప్రాణం, తరువాత పరీక్ష

కడ్డీని బయటకు తీయడానికి ముందు ఒక హెచ్చరిక అవసరం. పాడుబడిన దిగుడు బావిలోకి పూడిక తీయడానికి దిగినవాడు స్పృహ తప్పితే, అతణ్ణి రక్షించబోయి రెండవవాడు, మూడవవాడు ప్రాణాలు పోగొట్టుకున్న విషాదాలు గ్రామాలకు తెలియనివి కావు. ఆవిరి బావి తల చుట్టూ ఉండే గొయ్యి కూడా అటువంటిదే. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువైనది, పల్లానికి దిగి నిలుస్తుంది. కొద్దిగా ఉన్నప్పుడు వాసన వస్తుంది. పది లక్షల వంతుల గాలిలో సుమారు 100 వంతులకు చేరితే ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండా పోతుంది. వాసన తగ్గిందంటే వాయువు పోయిందని అర్థం కాదు. దీపం పెట్టి చూసే పాత పద్ధతి ఈ వాయువును పట్టి చూపదు. వాయువును కొలిచే పరికరం, శ్వాస సామగ్రి, పైన కాపలా ఉండే మరొక మనిషి లేకుండా ఆ గొయ్యిలోకి దిగరాదు. పడిపోయినవానిని రక్షించడానికి కూడా శ్వాస సామగ్రి లేకుండా దిగరాదు.

పీడనం పూర్తిగా తగ్గిందని కడ్డీ అంకెను చూసి నిర్ణయించరాదు. ఆ కడ్డీ మీదనే కదా అనుమానం. పీడనపు గేజీని, ఖాళీచేసే కవాటాన్ని స్వయంగా చూసి నిర్ధారించాలి.

బయటకు తీసిన తరువాత

బయటకు వచ్చిన కడ్డీని చూడగానే గుడ్డతో తుడిచి, సాండ్‌పేపరుతో రుద్ది మెరిపించడం చాలామందికి అలవాటు. అది నేరస్థలంలోని వేలిముద్రలను కడిగివేయడం వంటిది. తుప్పు పొట్టులోనే కారణం దాగి ఉంటుంది. తుడవకముందే ఛాయాచిత్రాలు తీయాలి. బావి తల నుండి ఎన్ని మీటర్ల లోతున ఏ గుర్తు ఉందో చీటీ కట్టాలి. పొట్టును చోటు చోటుకు వేర్వేరుగా పొడి సీసాలలో భద్రపరచాలి. కడ్డీని వంచరాదు. వంచితే కొత్త పగుళ్లు వచ్చి పాత పగుళ్లతో కలిసిపోతాయి.

రంగులే చాలా చెబుతాయి. నల్లని పొర గంధకపు సంయోగానికి గుర్తు. ఎర్రమట్టి రంగు ఆక్సిజన్ చొరబడినదానికి గుర్తు. తెల్లని గట్టి పొర సిలికా కావచ్చు, సున్నపు పొర కావచ్చు. పలుచని ఆమ్లపు చుక్క వేస్తే పొంగినది సున్నపు పొర, పొంగనిది సిలికా అని ప్రాథమికంగా భావించవచ్చు.

పగుళ్లు కంటికి కనబడకపోతే, పొట్టును సేకరించిన తరువాత ఎర్రని రంగు ద్రవాన్ని పూసి, తుడిచి, తెల్లని పొడిని చల్లితే పగులు గీత ఎర్రగా బయటపడుతుంది. లోపలి తీగలు తెగాయేమో ఎక్స్‌రే ద్వారా కోయకుండానే చూడవచ్చు. తడి చేరిందా అన్న సందేహం తీరడానికి కడ్డీని పొయ్యిపెట్టెలో మెల్లగా వేడిచేసి మళ్లీ చల్లార్చి మెగ్గర్ పెట్టాలి. అవాహక నిరోధం తిరిగి పెరిగితే లోపం తడిదే. అయితే ఆరిన కడ్డీ బాగయిందని తిరిగి బావిలో వేయరాదు, చిల్లు ఎక్కడికీ పోలేదు.

చివరగా తొడుగును అడ్డంగా కోసి, నునుపుగా మెరుగుపెట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. పగుళ్లు కొమ్మలుగా చీలి లోహపు రేణువుల మధ్యగా కాక రేణువులను చీల్చుకుంటూ పోతే క్లోరైడ్ ప్రతిబల పగులు. రేణువుల అంచుల వెంబడే పోతే, వెల్డు చేసేటప్పుడు అతిగా వేడెక్కి ఆ అంచుల వద్ద క్రోమియం తరిగిపోయిందని ప్రధానంగా అనుమానించాలి. మొదటి దానికి విరుగుడు లోహాన్ని మార్చడం. రెండవ దానికి వెల్డు పద్ధతిని మార్చడం. రెండింటికీ పైకి కనిపించే లక్షణం ఒకటే, అంకె తప్పడం. జ్వరం ఒకటే అయినా మలేరియాకు, టైఫాయిడ్‌కు మందు ఒకటి కానట్లే ఇదీ.

తుప్పు కానిదాన్ని తుప్పు అనరాదు

కడ్డీ విరిగిన ప్రతిసారీ తుప్పును నిందించడం కూడా పొరపాటే. జపాన్‌లోని మోంజు అణు రియాక్టరులో 1995 డిసెంబరు 8న ద్రవ సోడియం కారి నిప్పంటుకుంది. గొట్టంలోకి చొప్పించిన ఉష్ణమాపకపు రక్షణ గొట్టం విరగడమే దానికి కారణం. అక్కడ దోషి తుప్పు కాదు. ప్రవాహం రక్షణ గొట్టాన్ని దాటిపోతూ పుట్టించిన సుడులు దానిని ఎడతెగకుండా కంపింపజేశాయి. ఆ అలసటతో లోహం తెగింది. వేగంగా ఆవిరి పోయే గొట్టాలలోనూ ఈ ప్రమాదం ఉంది. అలసటతో తెగిన ముఖం మీద సముద్రపు గవ్వపై ఉండే వలయాల వంటి గీతలు కనిపించవచ్చు. తుప్పు పొట్టు ఎక్కువగా ఉండదు.

మరొకటి, కె తరహా తీగలు 250 నుండి 550 డిగ్రీల మధ్య చాలాకాలం ఉంటే లోహంలోని అణువుల అమరిక మారి కొలత కొద్ది డిగ్రీలు తప్పుతుంది. తొడుగు చక్కగా ఉంటుంది, అవాహకం చక్కగా ఉంటుంది, కానీ అంకె మాత్రం కొంత మారుతుంది. మెగ్గర్ పరీక్ష బాగుండి కూడా చిన్న తేడా ఉంటే దీనిని గుర్తుచేసుకోవాలి.

నివారణ ఎలా?

కారణం తెలిసిన తరువాతనే లోహాన్ని ఎంచుకోవాలి. ఖరీదైన లోహమల్లా మంచిది అనుకోవడం పొరపాటు. 304 స్టీలులో మాలిబ్డినం ఉండదు. 316లో నూటికి రెండు మూడు వంతులు ఉండటంవల్ల గుంటల క్షయాన్ని కొంత తట్టుకుంటుంది. కానీ ఈ రెండింటిలో నికెల్ నూటికి సుమారు 8 నుండి 14 వంతులే ఉండటం చేత క్లోరైడ్ పగుళ్లకు లోనవుతాయి. నూటికి నలభైకి పైచిలుకు నికెల్ ఉండే 825 మిశ్రలోహం ఆ పగుళ్లను చాలావరకు తట్టుకుంటుంది. 600 రకం ఇంకొనెల్‌లో నికెల్ 72 వంతులకు పైగా ఉన్నా మాలిబ్డినం లేదు. కనుక పగుళ్లను తట్టుకున్నా గుంటలకు లొంగవచ్చు, అధిక వేడిలో గంధకం కూడా దానికి పడదు. సుమారు 16 వంతుల మాలిబ్డినం గల సి-276 రకం హాస్టెలాయ్ తీక్షణ ఆమ్లాన్ని మెరుగ్గా తట్టుకుంటుంది, ధర మాత్రం ఎక్కువ.

లోహాన్ని మార్చకుండా చేయదగిన పనులూ ఉన్నాయి. తొలి బొట్టు పుట్టే చోటు నుండి కడ్డీని జరపవచ్చు. గొట్టానికి పైన వేడి కోల్పోకుండా చుట్టిన పొర చెడిపోతే సరిచేసి, ఆవిరి అక్కడ చల్లారకుండా చూడవచ్చు. క్లోరైడ్ గల ఆవిరిలోకి కాస్టిక్ సోడా ద్రావణాన్ని ఎక్కించి ఆమ్లాన్ని విరిచే పద్ధతి గీజర్స్‌లో వాడుకలో ఉంది. బావిని మూసి ఉంచే రోజులలో గాలి చొరబడకుండా నైట్రోజన్ నింపవచ్చు. నీరు నిలిచే క్లాంపులను తీసివేయవచ్చు. పైన ఉన్న పెట్టెకు గట్టి మూత, రాగి కలుపులకు రక్షణ పూత వేయవచ్చు. ముఖ్యమైన చోట రెండు వేర్వేరు రకాల కడ్డీలను ఉంచితే, ఒకటి అబద్ధమాడినప్పుడు రెండవది బయటపెడుతుంది. ఒకే రకపు రెండు కడ్డీలైతే ఒకే తెగులుతో రెండూ కలిసి ఒకే అబద్ధం చెప్పవచ్చు.

మార్పు చేసినప్పుడు ఒక్కసారికి ఒక్కటే చేయాలి. లోహం, చోటు, క్లాంపు మూడూ ఒకేసారి మార్చితే, కొత్త కడ్డీ ఎక్కువకాలం నిలిచినా ఏది మేలు చేసిందో తెలియదు. చేసిన మార్పును, తేదీని, మెగ్గర్ కొలతను నోటుబుక్కులో రాసి ఉంచాలి. నెలకొకసారి రాసిన మెగ్గర్ అంకెలు కడ్డీ చనిపోవడానికి ఎంతో ముందుగానే దాని జబ్బును తెలుపుతాయి. లక్ష ఓమ్‌ల వద్ద తెర మీద తేడా ఒక డిగ్రీ కూడా లేదు, కానీ నోటుబుక్కులో మాత్రం పతనం స్పష్టంగా కనిపిస్తుంది.

థర్మల్ కేంద్రపు బాయిలర్ అయినా, చక్కెర మిల్లులోని రసపు వేడిపెట్టె అయినా, సముద్రపు గాలి తగిలే కోస్తా కర్మాగారమైనా లోహపు తొడుగుకు వచ్చే తెగుళ్లు ఇవే, పరీక్షలు ఇవే. పరికరం చూపే అంకెను మరొక స్వతంత్రమైన కొలతతో సరిపోల్చడం, తేలికైన కారణాన్ని ముందుగా వెతకడం, ఆధారాలను తుడిచివేయకపోవడం, కారణం తెలియకముందే కొత్త కడ్డీ తెచ్చి పెట్టకపోవడం, ఈ నాలుగు అలవాట్లు ఉన్న పనివాడు ఏ రాష్ట్రంలో ఏ భాష మాట్లాడేవారి మధ్య పనిచేసినా, తన తోటివారిని ప్రమాదం నుండి కాపాడగలడు. గంధకపు వాసన మాత్రం ఎక్కడైనా ఒక్కటే. అది వచ్చినప్పుడు జాగ్రత్తపడాలి, అది హఠాత్తుగా ఆగిపోయినప్పుడు వెంటనే ఆ చోటు విడిచి పోవాలి.